పాతబడిన ఆనకట్టలు – దిగువ బస్తీలు

1908 సెప్టెంబరు 28న మూసీనది హైదరాబాదు నగరమును ముంచివేయగా వేలాది జనులు మృతినొందిరి. ఆ ఉపద్రవమునకు కారణమును పరిశీలించుటకు నిజాము ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. నది పరీవాహక ప్రాంతమున 788 చెరువులున్నవనియు, వానిలో 221 తెగినవనియు ఆయన లెక్క తేల్చిరి. ఎగువ చెరువు తెగిన నీరు దిగువ చెరువుపై బడి దాని కట్టను గూడ తెంచును. కనుక నాటి వినాశమునకు వాన ఒక్కటియే కారణము కాదు.

ఆయన సూచనల ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలసినవి. వరదను ఆపుట వీని ముఖ్యోద్దేశము. క్రమముగా ఇవియే నగరమునకు త్రాగునీటి ఆధారములైనవి. చిక్కంతయు ఇచ్చటనే యున్నది. దాహము తీర్చవలెనన్న జలాశయము నిండియుండవలెను. వరదను ఆపవలెనన్న వెలితిగా నుండవలెను. ఒకే కడవ రెండు విధములుగను ఉండనేరదు గదా! 2025 సెప్టెంబరు చివర రెండు జలాశయముల తలుపులెత్తగా, వరద మహాత్మాగాంధీ బస్సు స్టేషనులో జొరబడినది. దిల్‌సుఖ్‌నగర్ వైపు పోవు మూసారాంబాగ్ వంతెనపై రాకపోకలు నిలిచిపోయినవి.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ప్రజలకు నదీభయముతోపాటు చెరువుల భయమును కలదు. 2020 అక్టోబరు 13న హయత్‌నగర్ ప్రాంతమున సుమారు 30 సెంటీమీటర్ల వర్షము కురిసినది. సరూర్‌నగర్ చెరువు పొంగి కోదండరామ్‌నగర్ మొదలగు కాలనీలు జలమయములైనవి. ఆ వారముననే బాలాపూర్ వద్ద గుర్రం చెరువు కట్ట తెగినది. సరూర్‌నగర్ అలుగు నీరు నాలా ద్వారా మూసీలో కలియవలెను. నది నిండుగా పారుచున్నపుడు నాలా నీరు అందు చేరలేక వెనుకకు తన్నును. అనగా గండిపేట తలుపుల నెప్పుడెత్తవలెనను నిర్ణయము ఈ కాలనీల వాకిళ్ళ వరకు వచ్చుచున్నది.

2021లో పార్లమెంటు ఆనకట్టల భద్రతా చట్టమును చేసినది. మంచిదే. కాని 10 మీటర్లకు తక్కువ ఎత్తుగల కట్టలు దాని పరిధిలోనికి రావు. నగరములోని చెరువుకట్టలు ఇట్టి చిన్నవే. చిన్న చెరువులు తెగుటయే 1908 నాటి గాథయని ఎరిగిన దేశమున ఈ మినహాయింపు వింతగా తోచును! 2020 తరువాత నాలాలను విస్తరింపజేసిరి. అలుగు, తూము, కట్ట సరిగా లేక నాలా యెంత వెడల్పైనను అది సగము పనియే.

నేడు నగరపు త్రాగునీటిలో అధిక భాగము కృష్ణా, గోదావరి, మంజీరా నదులనుండి వచ్చుచున్నది. కావున వానకారు నడుమ జంట జలాశయములలో కొంత చోటు వరదకై విడిచియుంచుట పూర్వముకంటె సులభము. వానలు వెనుదీసిన యేట ఆ మేరకు నీరు తగ్గును. ఆ నష్టమునకు నగరము సిద్ధపడవలసియున్నది. ఎంత చోటు విడువవలెనో జూన్ మాసముననే నిర్ణయింపవలెను. సెప్టెంబరులో తలుపులెత్తు రాత్రి ఆ చర్చకు తావుండదు.