ఇంట్లో కంప్యూటర్‌కి ఎన్ని యాంటీవైరస్‌లు కావాలి?



నేను కంప్యూటర్ టీచర్‌ని కాదు. తొమ్మిదో తరగతికి సోషల్ చెబుతాను. అయినా ఈ నెల కంప్యూటర్ గురించి రాస్తున్నానంటే, దానికి కారణం నేను చేసిన ఒక పొరపాటు.

పోయిన టర్మ్‌లో మా క్లాసు బాబు ఒకడు వరుసగా రెండు ప్రాజెక్టులు ఆలస్యంగా ఇచ్చాడు. అడిగితే ‘సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది మేడమ్’ అన్నాడు. ఈ మాట మేము తరచూ వింటూనే ఉంటాం కాబట్టి నమ్మలేదు. ప్రాజెక్ట్ వర్క్ మీద శ్రద్ధ లేదని డైరీలో రాసి పంపాను. పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ల నాన్నగారు వచ్చారు. ‘వాడు చెప్పింది నిజమే మేడమ్. ల్యాప్‌టాప్ ఆన్ అవడానికే పావుగంట పడుతోంది. ఎందుకో అర్థం కావడం లేదు. ఒకటి కాదు, మూడు యాంటీవైరస్‌లు ఉన్నాయి అందులో’ అన్నారు.

ఒకటి ల్యాప్‌టాప్‌తో పాటు ట్రయల్‌గా వచ్చిందట. ఆఫీసులో ఎవరికో బ్యాంకు ఖాతాలోంచి డబ్బు పోయిందని విని, భయపడి రెండోది కొని షాపులో వేయించారు. మూడోది ఏదో ఉచిత సాఫ్ట్‌వేర్ వెంట తోకలా వచ్చింది. ఆయన ఇదంతా చెబుతుంటే బాబు తల వంచుకుని మెల్లగా అన్నాడు: ‘ప్రాజెక్ట్ చేసేటప్పుడు అన్నీ ఆఫ్ చేసేస్తాను మేడమ్. లేకపోతే వర్డ్ ఓపెన్ అవ్వదు.’

ఆయన ముఖంలో రంగు మారింది. మూడు తాళాలు వేశాననుకున్న ఇంటికి, పిల్లవాడు కూర్చున్న ప్రతి సాయంత్రం తలుపులు బార్లా తెరిచే ఉన్నాయన్నమాట.

ఆయన్ని తప్పుపట్టలేను. నా బీఈడీ ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో మా ఇంటి పాత డెస్క్‌టాప్‌లో నేనూ రెండు ఉచిత యాంటీవైరస్‌లు వేశాను. ఒకటి వదిలేసినది రెండోది పట్టుకుంటుందని ఆశ. చివరికి అవి పట్టుకున్నది నా క్లాసుల్నే.

ఎందుకిలా జరుగుతుంది? యాంటీవైరస్ ఒక వాచ్‌మన్ లాంటిది. మనం ఏ ఫైల్ తెరిచినా ముందు దాన్ని ఆపి, పరీక్షించి, తర్వాతే లోపలికి వదులుతుంది. అదే గేటు దగ్గర ఇద్దరు వాచ్‌మన్‌లుంటే? మొదటివాడు పరీక్ష కోసం ఫైల్ తెరవగానే, ‘ఎవరది తెరుస్తున్నది?’ అని రెండోవాడు దాన్ని ఆపుతాడు. ఒకటి పట్టి పక్కన పెట్టిన వైరస్‌ని రెండోది కొత్త వైరస్ అనుకుని మళ్లీ గంట కొట్టవచ్చు. ఈ లోపు మీ పిల్లవాడి పీపీటీ వాకిట్లోనే నిలబడి ఉంటుంది. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవని మన పెద్దలు ఊరికే అనలేదు.

ఈ సంగతి తయారుచేసేవాళ్లకీ తెలుసు. విండోస్ 10, 11లలో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ముందే ఉంటుంది. ఇంటి కంప్యూటర్‌లో మీరు వేరే యాంటీవైరస్ వేస్తే అది మామూలుగా తనంతట తానే పక్కకు తప్పుకుంటుంది. ఆ రెండోదాన్ని తీసేస్తే మళ్లీ పనిలోకి వస్తుంది.

పైగా ఇవి మామూలు సాఫ్ట్‌వేర్‌లు కావు. విండోస్ లోతుల్లో కూర్చుని పనిచేస్తాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ పంపిన ఒక్క తప్పు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ అంచనా వేసింది. ఆ రోజు శంషాబాద్ ఎయిర్‌పోర్ట్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాసులు ఇచ్చారు. కాపలా సాఫ్ట్‌వేర్ ఒక్కటి తడబడితేనే అంత జరిగింది. కాబట్టి అవసరం లేనిదాన్ని కంప్యూటర్‌లో ఉంచడం ధైర్యం కాదు, ఇంకో ప్రమాదం.

‘ఒకటి కనిపెట్టలేనిది ఇంకోటి కనిపెట్టవచ్చు కదా?’ అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అనుమానం వస్తే రెండో డాక్టర్‌కి చూపిస్తాం. కానీ ఇద్దరు రాసిన మందులూ కలిపి మింగించం. ఇక్కడా అంతే. ఎప్పుడూ కాపలా కాసేది ఒక్కటే ఉండాలి. అనుమానం వచ్చినప్పుడు ఒక్కసారి స్కాన్ చేసి ఊరుకునే మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ లాంటివి ఉచితంగా దొరుకుతాయి. వాటిని వాడవచ్చు.

నా అభిప్రాయంలో, ఎన్ని ఉన్నాయన్నదాని కంటే అప్‌డేట్ ముఖ్యం. 2017 మేలో వన్నాక్రై ప్రపంచమంతా కంప్యూటర్లకు తాళం వేసి డబ్బులడిగింది. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ని మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చిలోనే ఇచ్చింది. వేసుకున్నవాళ్లకు ఆ దారి మూసుకుపోయింది. ‘తర్వాత చూద్దాం’ అని వాయిదా వేసినవాళ్లలో చాలామంది చిక్కుకున్నారు.

ఈ ఆదివారం ఒక అరగంట మీ పిల్లలతో కలిసి కూర్చుని ఇవి చేయండి:

1. స్టార్ట్ మెనూలో ‘విండోస్ సెక్యూరిటీ’ అని టైప్ చేసి, ‘వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్’ తెరవండి. ఏ యాంటీవైరస్ పనిచేస్తోందో అక్కడ కనిపిస్తుంది.

2. ఒక్కటే ఉంచండి. గడువు తీరిన ట్రయల్‌తో సహా మిగతావి సెట్టింగ్స్‌లో ‘యాప్స్’ దగ్గర అన్‌ఇన్‌స్టాల్ చేసి, రీస్టార్ట్ చేయండి. తర్వాత మొదటి మెట్టుకు తిరిగి వెళ్లి, ఉంచుకున్నది ఆన్‌లో ఉందో లేదో చూడండి.

3. విండోస్ అప్‌డేట్ ఆపి ఉంటే ఆన్ చేయండి. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీది ఇంకా అదే అయితే, విండోస్ 11కి మారే వీలుందేమో చూడండి.

4. పిల్లలకు విడిగా ‘స్టాండర్డ్’ అకౌంట్ పెట్టండి. అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. అప్పుడు యాంటీవైరస్‌ని ఆపాలన్నా మీ దగ్గరికే రావాలి.

5. ముఖ్యమైన ఫైళ్లకు, ఫోటోలకు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఒక కాపీ పెట్టి, డిస్క్‌ని తీసి బీరువాలో దాచండి.

ఇంకొక్క మాట. ఓటీపీని మనమే ఫోన్‌లో చదివి వినిపిస్తే ఏ యాంటీవైరస్సూ కాపాడదు. అలా డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. పిల్లలు ‘ఏదో వచ్చింది, నొక్కేశాను’ అని చెప్పినప్పుడు మాత్రం దయచేసి కోప్పడకండి. ఆ బాబు అన్నీ ఆఫ్ చేస్తున్న సంగతి అన్నాళ్లు దాచింది తిడతారనే. అతన్ని నమ్మకుండా నేనూ ఆ భయానికి ఇంకాస్త ఆజ్యం పోశాను.

ఇప్పుడు వాళ్లింట్లో ఒక్క యాంటీవైరసే ఉంది. మూడో ప్రాజెక్ట్ గడువుకు ఒక రోజు ముందే ఇచ్చాడు. డైరీలో నేను రాసిన వాక్యాన్ని కొట్టేసి, పక్కన సారీ అని రాసి సంతకం పెట్టాను.