ఫిష్ ఫైండర్ కొనాలా? కొర్రమట్టకి కళ్లద్దాలు చాలు!

వరంగల్‌లో లూర్ ఫిషింగ్ మొదలుపెట్టిన మా బ్యాచ్‌లో ఈమధ్య ఒకటే ప్రశ్న: "బ్రో, ఫిష్ ఫైండర్ కొనొచ్చా?" సూటిగా చెప్పేస్తున్నా. మన ఊరి చెరువుల్లో కొర్రమట్ట కోసమైతే వద్దు.

ఫ్రెండ్ దగ్గర ఒకటి అడిగి తెచ్చుకుని, వర్ధన్నపేట వైపు ఒక చెరువులో వాడి చూశా. చిన్న బంతిలా ఉంటుంది. గాలం దారానికి కట్టి విసిరితే నీటిపై తేలుతూ, కిందికి ధ్వని తరంగాలు పంపుతుంది. తిరిగొచ్చిన ప్రతిధ్వనిని వై-ఫైతో ఫోన్‌కి చేరవేస్తుంది. లోతైన, అడ్డు లేని నీళ్లలో ఇది నిజంగా పనికొచ్చేదే. కానీ మన గొలుసుకట్టు చెరువుల్లో కొర్రమట్ట ఉండేది మోకాలి లోతు నీళ్లలో, నాచు, తామరాకుల మధ్య. అక్కడ స్క్రీన్ నిండా నాచే. ఏది ఆకో, ఏది చేపో అర్థం కాలేదు.

పక్కనే వల సర్దుకుంటున్న మత్స్య సొసైటీ కాకా నవ్వాడు. "ఆ బంతి ఏం జెప్తది తమ్మీ? జెర నీళ్ల దిక్కు సూడు."

నిజమే. కొర్రమట్టకి మొప్పలతో పాటు గాలి పీల్చుకునే అవయవం కూడా ఉంటుంది. అప్పుడప్పుడు పైకొచ్చి గాలి మింగక తప్పదు. ఆ చిన్న సుడి, దాని కింద కదిలే నీడ కనిపిస్తే లొకేషన్ దొరికినట్టే. ఎండ మెరుపులో ఆ నీడ కనిపించాలంటే పోలరైజ్డ్ కళ్లద్దాలు కావాలి. అసలువో కాదో తెలియాలంటే ఎల్‌సీడీ స్క్రీన్ ముందు అద్దాన్ని మెల్లగా తిప్పండి. ఒక కోణంలో స్క్రీన్ నల్లబడాలి.

ఇక లూర్ సంగతి. జిగ్ హెడ్ కొక్కెం బయటికి ఉంటుంది కాబట్టి నాచులో వేస్తే ప్రతిసారీ గడ్డే వస్తుంది. రాళ్ల కట్ట పక్కన, లోతున్న చోట దాన్ని వాడండి. నాచులోకైతే కొక్కెం మొన లోపల దాగే సాఫ్ట్ ప్లాస్టిక్ కప్పే కరెక్ట్.

అయితే చూడటం వచ్చాక ఒక బాధ్యత కూడా వస్తుంది. వానాకాలంలో నీటిపై ఎర్రగా, గుంపుగా బుడబుడలాడే పిల్లలు కనిపిస్తాయి. వాటి కిందే పెద్ద చేపలు కాపలా ఉంటాయి. అక్కడ కప్ప వేస్తే వెంటనే కొడతాయి. ఆకలితో కాదు, పిల్లల జోలికొచ్చిందని! నేనూ మొదటి ఏడాది అలా ఒకటి పట్టి ఫొటో దిగా. గంట తర్వాత అదే చోట ఆ గుంపు చెల్లాచెదురై, మిగతా చేపలు పిల్లల్ని ఏరుకు తింటున్నాయి. ఆ ఫొటో డిలీట్ చేశా.

కొర్రమట్ట మన తెలంగాణ రాష్ట్ర చేప. మనకది వీకెండ్ సరదా, సొసైటీ కుటుంబాలకి బతుకు. అందుకే ముందు వాళ్లని అడిగి గాలం వేయండి. తెగిన ప్లాస్టిక్ ముక్కలు జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకోండి.

నా తీర్పు: ఫిష్ ఫైండర్ స్కిప్, కళ్లద్దాలు బై. ఎర్ర గుంపు కనిపిస్తే మాత్రం రాడ్ పక్కన పెట్టి, ఫోన్ తీసి వీడియో తీయండి. ఏ స్ట్రైక్ రీల్ కన్నా అదే మంచి కంటెంట్.