ప్నిక్స్ గుట్టపై రెండో రోజు

ఏథెన్స్‌లో అక్రోపోలిస్ ఎక్కే యాత్రికులలో కొద్దిమందే దానికి పడమటనున్న ప్నిక్స్ గుట్ట దాకా నడుస్తారు. చూడడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. ఒక బయలు, రాతిని తొలిచి చేసిన వక్తల వేదిక, కొన్ని మెట్లు. పౌరసభ కూడినది ఇక్కడే. కొన్ని నిర్ణయాలకు 6,000 మంది హాజరు తప్పనిసరి. మాట్లాడగోరిన ఏ పౌరుడైనా వేదిక ఎక్కవచ్చు. స్త్రీలు, బానిసలు, పరదేశీయులు మాత్రం పౌరులు కారు. ఈ చివరి సంగతిని దాటవేసి ఏథెన్స్‌ను కీర్తించే ఉపన్యాసాలకు మన దేశంలోనూ కొదవ లేదు.

ఆ గుట్టను తలచుకోవలసిన కారణం వేరే ఉంది. క్రీ.పూ. 427లో తిరుగుబాటు చేసి లొంగిపోయిన మిటిలీన్ నగరంలోని వయోజన పురుషులందరినీ చంపాలనీ, స్త్రీలనూ పిల్లలనూ బానిసలుగా అమ్మాలనీ ఏథెన్స్ సభ ఆగ్రహంతో తీర్మానించింది. ఆజ్ఞతో ఓడ బయలుదేరింది. తెల్లవారేసరికి పౌరులకు మనసు కలుక్కుమంది; సభ మళ్లీ కూడింది. చేసిన తీర్మానం మార్చుకోవడం బలహీనత అన్నాడు క్లియోన్. తొందరపాటు, కోపం మంచి ఆలోచనకు శత్రువులన్నాడు డయోడోటస్. చేతులెత్తినప్పుడు ఇరుపక్షాలూ దాదాపు సమానమే. డయోడోటస్ మాటే కొద్దిలో నెగ్గింది. రెండో ఓడలోని వారు తెడ్లు వేస్తూనే తిన్నారు, వంతులవారీగా నిద్రపోయారు. మొదటి ఆజ్ఞ అమలయ్యే లోపే చేరారు. అయినా తిరుగుబాటుకు బాధ్యులన్న పేరిట వెయ్యికి పైగా మందిని చంపారని థూసిడిడీస్ రాశాడు. నగరం మాత్రం మిగిలింది.

మన పార్లమెంటూ నిర్ణయాలు మార్చుకుంటుంది, కానీ సభలో వాదించి కాదు. వివాదాస్పద వ్యవసాయ బిల్లులలో రెండింటిని రాజ్యసభ 2020 సెప్టెంబరు 20న గందరగోళం నడుమ మూజువాణి ఓటుతో ఆమోదించింది. ఏడాదికి పైగా రైతులు ఢిల్లీ సరిహద్దుల్లో కూర్చున్నాక, మూడు చట్టాలనూ రద్దుచేసే బిల్లును 2021 నవంబరు 29న లోక్‌సభ చర్చ లేకుండానే ఆమోదించింది. చేసినప్పుడూ తీసేసినప్పుడూ సభ్యుల వివేచనతో పని పడలేదు.

పడే వీలూ తక్కువే. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్‌కు ఎదురుగా ఓటు వేసిన సభ్యుడు పదవిని పణంగా పెట్టాలి. ఫిరాయింపుల బేరసారాలను అరికట్టడం అవసరమే, సందేహం లేదు. అయితే ప్రభుత్వ మనుగడతో సంబంధం లేని బిల్లుపై మనస్సాక్షి ప్రకారం ఓటు వేయడం ఫిరాయింపు ఎలా అవుతుంది? అనర్హత వేటును విశ్వాస, అవిశ్వాస తీర్మానాల వంటి కొన్నింటికే పరిమితం చేయాలని దినేశ్ గోస్వామి కమిటీ 1990లోనే సూచించింది. ఆ సిఫారసును అధికారంలోకి వచ్చిన ఏ పార్టీ కూడా చట్టం చేయలేదు.