పేరుకు ఫీజు మన భూమేనా?

వేసవి వచ్చిందంటే మా గూడేలకు రెండు రకాల మనుషులు వస్తారు. ఒకరు జీడిపిక్కలు కొనే షావుకారు. ఇంకొకరు యూనివర్సిటీ సీట్లు అమ్మే ఏజెంటు. షావుకారు పంట చేతికి రాకముందే అడ్వాన్సు ఇస్తాడు. ఏజెంటు రిజల్ట్సు రాకముందే అడ్వాన్సు అడుగుతాడు. ఈ ఇద్దరికీ మధ్య సంబంధం ఉందని మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఏజెంటుకు కట్టాల్సిన డబ్బు ఇచ్చేది ఆ షావుకారే.

మాలో ఒకరి తమ్ముడు ఏజెన్సీలోని ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో బీఎస్సీ మొదటి సంవత్సరం పూర్తి చేశాడు. మార్కులు బాగానే వచ్చాయి. స్కాలర్‌షిప్ వస్తోంది, హాస్టల్లో అన్నం దొరుకుతోంది. అప్పుడే ఒక ప్రైవేటు యూనివర్సిటీ మనిషి వచ్చాడు. రంగురంగుల పుస్తకం చేతిలో పెట్టాడు. "ఇక్కడ చదివితే నిన్ను ఎవరు అడుగుతారు? మా దగ్గరకు మారిపో, సగం ఫీజు మాఫీ" అన్నాడు. సగం అంటే దేంట్లో సగం? ఆ మొత్తం ఫీజును ఎవరు నిర్ణయించారు? హాస్టల్, మెస్, పరీక్ష ఫీజు, బస్సు, యూనిఫాం ఆ సగంలో ఉన్నాయా? ఇవి అడగడం మాకు తెలియలేదు. అడగాలని బడిలో ఎవరూ చెప్పలేదు.

అబ్బాయి మారాడు. పాత కాలేజీలో చదివిన ఏడాదిని కొత్తచోట లెక్కలోకి తీసుకోలేదు. మళ్లీ మొదటి సంవత్సరంలోనే చేరాడు. తండ్రి రాబోయే రెండేళ్ల కాఫీ, మిరియాల పంటను ముందే షావుకారుకు రాసిచ్చాడు. రెండో సెమిస్టర్ ఫీజు ఆలస్యమైతే హాల్‌టికెట్ ఆపారు. ఇంటికి వచ్చేస్తానంటే సర్టిఫికెట్లు ఇవ్వలేదు. మొత్తం కోర్సు ఫీజు కట్టి తీసుకెళ్లమన్నారు. వాడికి రెండేళ్లు పోయాయి. వాళ్ల కాఫీ తోటలో గింజలు కోసేది ఇప్పటికీ వాళ్లే, తూకం వేసేది మాత్రం షావుకారు.

ఇది ఒక్క ఇంటి కథ అయితే మేం రాసేవాళ్లం కాదు. 1970లో వచ్చిన 1/70 చట్టం షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా అడ్డు నిలబడింది. ఆ చట్టం కోసం, దాని అమలు కోసం మన పెద్దలు ఎన్ని దెబ్బలు తిన్నారో మనకు తెలుసు. అలాంటి భూమి మీద వచ్చే పంట ఇప్పుడు ఫీజు పేరుతో పోతోంది. పట్టా మన పేరు మీదే ఉంటుంది, ఫలం వేరేవాడు తింటాడు. చదువు పేరు చెబితే మనం కాదనలేమని వాళ్లకు బాగా తెలుసు. బిడ్డ చదువు కోసం అంటే ఏ తల్లి మాత్రం వద్దంటుంది?

అలాగని కొండ దిగవద్దని మేం చెప్పడం లేదు. ఆ మాట మనకు ఇంకో నోటి నుంచి చాలాసార్లు వినిపించింది. "నీకు ఇది చాలు", "ఇంగ్లీషు రాదు, అక్కడ నెగ్గుకురాలేవు", "టీచర్ ట్రైనింగ్ చేసుకో, ఊళ్లోనే ఉద్యోగం" అని ఆశ్రమ పాఠశాలలో మొదలుపెట్టి డిగ్రీ దాకా చెప్పినవాళ్లు ఉన్నారు. ఆ ఊళ్లోని ఉద్యోగానికి కూడా 2020లో దెబ్బ తగిలింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చిన జీవో నంబర్ 3ను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత "ఇక్కడి డిగ్రీకి విలువ లేదు, ఎలాగైనా పెద్ద పేరు కొనుక్కోవాలి" అనే భయం మన పిల్లల్లో పెరిగింది. ఏజెంటు సరుకు అమ్ముడుపోతున్నది ఆ భయం మీదే.

మనవాళ్లు పెద్ద యూనివర్సిటీలకు పోలేదా? ముండా బిడ్డ జైపాల్ సింగ్ ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. 1928 ఒలింపిక్స్‌లో భారత హాకీ జట్టుకు నాయకత్వం వహించారు. తర్వాత రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున నిలబడి మాట్లాడారు. పేరున్న చోట చదవడం తప్పు కాదు. కాబట్టి అడగాల్సింది "పోవాలా, వద్దా" అని కాదు. దేని బలంతో పోతున్నాం, ఖర్చు ఎవరు మోస్తున్నారు అని అడగాలి.

మనకు రెండు దారులు ఉన్నాయి. ఒక దారిలో సీటు హక్కుగా వస్తుంది. కేంద్రీయ విద్యాసంస్థల్లో ఎస్టీలకు 7.5 శాతం సీట్లు 2006 చట్టం ప్రకారం మనవి. హైదరాబాద్‌లోనే కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది, ఇఫ్లూ ఉంది. ఐఐటీలు, ఎన్‌ఐటీలు ఉన్నాయి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో మన కోటా ఉంది. ఇంకో దారిలో సీటు డబ్బుకు వస్తుంది. ప్రైవేటు విద్యాసంస్థల్లోనూ రిజర్వేషన్లకు చట్టం చేయవచ్చని 2005 నాటి 93వ రాజ్యాంగ సవరణ చెప్పింది. అయినా ప్రైవేటు యూనివర్సిటీలన్నీ మనకు సీట్లు ఇచ్చి తీరాలనే కేంద్ర చట్టం మాత్రం రాలేదు. హక్కుగా వచ్చే సీటు ఖాళీగా మిగిలిపోతుంటే, అమ్మకానికి పెట్టిన సీటు కోసం మనం వరుసలో నిలబడుతున్నాం. హక్కు సీటుకు దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పడానికి ఏ ఏజెంటూ మన సంతకు రాడు. అందులో అతనికి కమిషన్ లేదు.

కాబట్టి తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మారాలని అనిపిస్తే మారండి. కానీ పాత కాలేజీలో టీసీ తీసుకోకముందే ఈ నాలుగు విషయాలు తేల్చుకోండి.

మొదటిది, స్కాలర్‌షిప్. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ తీసుకుంటున్న విద్యార్థి ప్రభుత్వ అనుమతి లేకుండా కోర్సు మార్చినా, కాలేజీ మార్చినా స్కాలర్‌షిప్ రద్దు చేయవచ్చు. ఇచ్చిన సొమ్మును వెనక్కి అడగవచ్చు కూడా. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. "అన్నీ మేం చూసుకుంటాం" అనే మాటను నమ్మకండి. సంక్షేమ శాఖ ఆఫీసుకో, ఐటీడీఏకో వెళ్లి మీరే అడగండి.

రెండోది, చదివిన ఏడాది. మీరు పాసైన సబ్జెక్టుల క్రెడిట్లను కొత్త యూనివర్సిటీ ఒప్పుకుంటుందా? ఏ సంవత్సరంలో చేర్చుకుంటుంది? దీన్ని కాగితం మీద రాసి సంతకం పెట్టి ఇమ్మనండి. నోటిమాటకు విలువ లేదు.

మూడోది, మొత్తం ఖర్చు. మొదటి ఏడాది ఫీజు కాదు, చివరి ఏడాది దాకా లెక్క వేయండి. ఫీజు ఏటా పెరుగుతుందా? మాఫీ అన్న సగం మార్కులు తగ్గితే ఆగిపోతుందా? ఇంట్లో అందరూ కూర్చుని, అమ్మతో సహా, ఆ లెక్క చూడండి. పంటను ముందే రాసిస్తే తప్ప కుదరని చదువైతే, ఆ ఏడాదికి ఆగండి.

నాలుగోది, వెనక్కి వచ్చే దారి. ఏ విద్యాసంస్థా విద్యార్థి ఒరిజినల్ సర్టిఫికెట్లను తన దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. అడ్మిషన్లకు ప్రకటించిన చివరి తేదీ దాటి 15 రోజుల్లోపు మానేస్తే 80 శాతం, 30 రోజుల్లోపు అయితే 50 శాతం ఫీజు తిరిగి ఇవ్వాలి. ఆ తర్వాత ఏమీ రాదు. ఈ సంగతి తెలిసి ఉంటే మా తమ్ముడు రెండో వారంలోనే ఇంటికి వచ్చేసేవాడు.

ఉపాధ్యాయ మిత్రులారా, మీకూ ఒక మాట. "నీకు ఇది చాలు" అనడం మానండి. ఏజెంటు ఇచ్చిన పుస్తకాలను స్టాఫ్‌రూములో పంచడమూ మానండి. సెలవుల ముందు ఒక్క పూట కేటాయించి, సీయూఈటీకి ఎలా దరఖాస్తు చేయాలో, ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే టాప్‌క్లాస్ స్కాలర్‌షిప్ ఏయే సంస్థల్లో వర్తిస్తుందో పిల్లలతో కూర్చుని చూపించండి. ఒక్క పిల్ల ఆ దారిలో వెళ్లినా మరుసటి ఏడాది పదిమందికి ఆమే చెబుతుంది.

ఇక ప్రభుత్వాలను అడగాల్సింది ఉంది. 2014 విభజన చట్టంలో రెండు రాష్ట్రాలకూ ఒక్కో గిరిజన విశ్వవిద్యాలయం ఇస్తామని రాశారు. ఆంధ్రప్రదేశ్‌కు 2019లో వచ్చింది, ఏళ్ల తరబడి తాత్కాలిక భవనాల్లోనే నడిచింది. ములుగులోని సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబరులో గానీ పార్లమెంటు ఆమోదం రాలేదు. తొమ్మిదేళ్లు! ఆ తొమ్మిదేళ్లలో డిగ్రీ వయసు దాటిన పిల్లలు ఎందరు? మన పేరుతో పెట్టిన విశ్వవిద్యాలయంలో చాలినంతమంది అధ్యాపకులు, ప్రయోగశాలలు, హాస్టళ్లు ఉంటే, మన భాషలకు చోటు ఉంటే, "ఇక్కడ చదివితే నిన్ను ఎవరు అడుగుతారు" అనే మాట ఎవరి నోటా రాదు. పేరు గోడలకు పుట్టుకతో రాదు. అక్కడ చదివినవాళ్లు, చెప్పినవాళ్లు, డబ్బు పెట్టిన ప్రభుత్వాలు కలిసి దాన్ని తెస్తారు.

మన భూమిని మన తాతలు ఫీజు కోసం కాపాడలేదు. మన చదువుకు ఖర్చు పెట్టాల్సింది ప్రభుత్వం. అది మనం అడుక్కునేది కాదు, రాజ్యాంగం ఒప్పుకున్న బాకీ. పెద్ద యూనివర్సిటీకి పోదాం. కోటా సీటులో, స్కాలర్‌షిప్‌తో, తలెత్తుకుని పోదాం. వచ్చే వేసవిలో ఏజెంటు గూడేనికి వస్తే, ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడుగుదాం. కాగితం మీద జవాబు రాసిచ్చేదాకా సంతకం పెట్టవద్దు.