ఊరికే పరుగెత్తడం

"ఏటమ్మా, అలగ పరుగులెడతన్నావు? ఎవులైనా తరువుతన్నారేటి?"

భోగాపురం నుంచి ముక్కాం వైపు పోయే రోడ్డు మీద, ఇంకా సరిగ్గా తెల్లారకముందు, తల మీద చేపల గంపతో ఎదురొచ్చిన ఒక పెద్దామె నన్నడిగిన ప్రశ్న ఇది. ఎగతాళికి అడగలేదు. అవసరమైతే గంప దించి నాకు అడ్డంగా నిలబడడానికి సిద్ధపడే అడిగింది. ఎవరూ తరమడం లేదన్నాను. "బస్సు పోనాదేటి మరి?" అంది. అదీ కాదన్నాను. "మరెందుకమ్మా?" ఆ మూడో ప్రశ్నకి తడబడ్డాను. చివరికి "ఊరికే" అన్నాను. ఆమె నన్నొకసారి ఎగాదిగా చూసి, నవ్వి, వెళ్ళిపోయింది.

ఆ 'ఊరికే' అన్న మాట గురించే ఈ వ్యాసం.

ఈ మధ్య నగరంలోని ఒక పరుగుల బృందం సెలవురోజుల్లో పరుగెత్తడానికి మా ప్రాంతపు దారుల జాబితా ఒకటి తయారుచేసింది. సరుగుడు తోటల పక్కనుంచి సముద్రం దాకా పోయే రోడ్డు, బౌద్ధ శిథిలాలున్న రామతీర్థం కొండల చుట్టూ తిరిగే బాట, రాతిలో తొలిచిన నీటి తొట్లున్న భీమిలి పావురాలకొండ ఎక్కుడు, అన్నీ ఉన్నాయందులో. ఎక్కడ ఎత్తు మొదలవుతుందో, ఎక్కడ నీళ్ళు దొరుకుతాయో శ్రద్ధగా రాశారు. ఒకచోట కుక్కలున్నాయనీ, ఒకచోట లారీలెక్కువనీ హెచ్చరించారు. అన్నిటికంటే కింద ఒక గమనిక: మహిళలు ఈ దారుల్లో ఒంటరిగా వెళ్ళరాదు. ఎందుకు వెళ్ళరాదో మాత్రం రాయలేదు. కుక్కల పేరు చెప్పగలిగిన చేయి, లారీల పేరు చెప్పగలిగిన చేయి, మగవాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. ప్రమాదం ఎవరివల్లో చెప్పకుండా, ప్రమాదానికి గురయ్యేవాళ్ళని దారిలోంచి తప్పుకోమంది.

ఆ దారులు తామే కనిపెట్టినట్టు రాసుకున్నారు కాబట్టి ఇంకో మాట కూడా అనాలి. చేపల గంపలతో, జీడితోటల్లో కూలికి పోతూ, పుల్లల మోపులతో కొండ దిగుతూ ఆ బాటల్ని అరగదీసింది ఆడవాళ్ళ పాదాలే. వాళ్ళు నెత్తిన బరువుతో నడిచినంతకాలం ఎవరికీ ఏ గమనికా రాయాలనిపించలేదు. బరువు దించి, అదే దారిలో ఒట్టి చేతులతో వెళ్ళే ఆడది కనిపించాకే భద్రత గుర్తొచ్చింది. స్త్రీ శ్రమకి దారిలో చోటుంది. స్త్రీ సంతోషానికే లేదు.

"తిరిగి ఆడది చెడుతుంది, తిరగక మగవాడు చెడతాడు" అన్న సామెత వినకుండా పెరిగిన ఆడపిల్ల మన భాషలో ఉంటుందా? మనం చదువుకున్న సాహిత్యమూ ఈ విషయంలో మనకి పెద్దగా దారి ఇవ్వలేదు. 1892లో మా విజయనగరంలోనే తొలిసారి ప్రదర్శించిన 'కన్యాశుల్కం' తీసుకోండి. బుచ్చమ్మ గడప దాటుతుంది, కానీ గిరీశం ఎక్కించిన బండిలో. మధురవాణి విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు ఇంటికి వెళ్ళడానికి మగవేషం వేసుకోవాల్సి వస్తుంది. ఆ నాటకంలో 'పెళ్ళికూతురు' మాత్రం లుబ్ధావధానులు ఇంట్లోంచి నిక్షేపంగా తప్పించుకుంటుంది. ఎందుకంటే ఆ పెళ్ళికూతురు నిజానికి మగపిల్లాడు, కరటకశాస్త్రి శిష్యుడు. ఆడవేషం విప్పేశాక వాడింకెవరికీ దొరకడు. ఊళ్ళో మాత్రం పిల్ల కనిపించడం లేదంటే చంపేసి ఉంటారని లుబ్ధావధానులు మీద ఖూనీ కేసు నడుస్తుంది. కనిపించని ఆడపిల్ల చచ్చిపోయి ఉండాలి, బతికుంటే లేచిపోయి ఉండాలి. ఆమె కాసేపు అలా వెళ్ళి వచ్చిందనుకునే వీలు ఆనాటి ఊరికి లేదు. ఇవాళ్టి ఊరికి ఉందా?

ఉందని నేను కూడా కొంతకాలం నమ్మాను. 2022 నవంబరులో రాష్ట్రంలో 6,100 కానిస్టేబుల్ ఉద్యోగాలకి నోటిఫికేషన్ పడింది. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగింది. ఆ తర్వాత దేహదారుఢ్య పరీక్షలు వాయిదాలు పడుతూ పడుతూ 2024 డిసెంబరు ఆఖరుకి గాని మొదలవలేదు. ఆడపిల్లలు 1,600 మీటర్లు పదిన్నర నిమిషాల్లో పరుగెత్తాలి. అందుకని మా చుట్టుపక్కల ఊళ్ళ రోడ్ల మీద తెల్లవారుజామున ఆడపిల్లలు కనిపించడం మొదలైంది. వాళ్ళలో ఒకమ్మాయి నాతో పాటు పరుగెత్తేది. మొదట్లో వాళ్ళ నాన్న మోటారుసైకిలు మీద వెనకే వచ్చేవాడు. కొన్నాళ్ళకి మానేశాడు. ప్రభుత్వం చేసిన ఆలస్యాన్ని నిరుద్యోగులందరూ తిట్టుకుంటుంటే ఆ పిల్ల మాత్రం ఒకరోజు రొప్పుతూ, "ఇంకో ఏడాది లేటయినా బాగుణ్ణక్కా" అంది.

పరుగు పరీక్ష ఆమె నెగ్గింది. ఉద్యోగం రాలేదు. ఆ మర్నాటి నుంచి రోడ్డు మీదకి రావడం ఆగిపోయింది. అడగడానికి ఇంటికి వెళితే వాళ్ళమ్మ, "పరీచ్చ అయిపోనాది కదమ్మా, ఇంకెందుకు పరుగు?" అంది. ఆవిడ ప్రశ్నలో కోపం లేదు, ఆశ్చర్యమే ఉంది. పిల్ల గుమ్మంలో నిలబడి తలుపు గొళ్ళెం ఆడిస్తోంది. రెండేళ్ళపాటు ఆ అమ్మాయికి దొరికింది స్వేచ్ఛ అనుకున్నాను. అది హాల్‌టికెట్టు మాత్రమే. గడువు తీరగానే చెల్లలేదు.

భద్రత పేరుతో జరుగుతున్నదంతా ఇదే తీరు. 2019 నవంబరులో హైదరాబాదు శివార్లలో ఒక యువతిపై జరిగిన ఘోరం తర్వాత మన శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. ఫోనులో దిశ యాప్ పెట్టుకోమన్నారు. 2025 మార్చిలో దాని స్థానంలో శక్తి యాప్ వచ్చింది. పేరు మారింది గాని ఆలోచన మారలేదు. ఆపద వచ్చాక నొక్కాల్సిన బటన్‌ని ఆడపిల్ల చేతిలో పెట్టి, ఆపద రాకుండా చూడాల్సిన బాధ్యతని దులిపేసుకోవడమే ఆ ఆలోచన. 2025 ఆగస్టు 15 నుంచి బస్సుల్లో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం వచ్చినప్పుడు "పనీపాటా లేకుండా తిరుగుతున్నారు" అని వెక్కిరించినవాళ్ళని మనమందరం విన్నాం. పని లేకుండా టీకొట్టు దగ్గర గంటలు గంటలు కూర్చునే మగవాడిని ఎవరైనా ఆ మాట అన్నారా?

మా మండలంలోనే అల్లూరి సీతారామరాజు పేరు మీద విమానాశ్రయం కట్టారు. 2019లో ఒకసారి, 2023లో ఇంకోసారి శంకుస్థాపన చేశారు. 2026 జనవరి 4న మొదటి పరీక్షా విమానం దిగింది. భూసేకరణలో పొలాలు, తోటలే కాదు, ఊరికీ ఊరికీ మధ్య కాలిబాటలు కూడా పోయాయి. పట్టా ఉన్న నేలకి పరిహారం కట్టారు. బాటకి పట్టా ఉండదు, దానిమీద నడిచినవాళ్ళకి పరిహారమూ ఉండదు. విమానం పరుగెత్తడానికి 3,800 మీటర్ల రన్‌వే, దాని చుట్టూ గోడ, దాని వెంట దీపాలు. అదే మండలంలో ఒక ఆడపిల్ల 1,600 మీటర్లు నిర్భయంగా పరుగెత్తడానికి వెలుతురున్న రోడ్డు ముక్క అడిగితే గొంతెమ్మ కోరికవుతుంది!

మన స్త్రీవాద మిత్రులే కొందరు నాతో అన్నారు: పరుగు కడుపు నిండినవాళ్ళ సరదా కదా, కూలికి నడిచే ఆడవాళ్ళ ముందు ఇదొక సమస్యా అని. ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. గంప మోసే ఆమెకి పరుగు కాదు, విశ్రాంతి కావాలి. కానీ ఆమెకి విశ్రాంతి లేకుండా చేసినదీ, నా పరుగుకి కారణం అడిగినదీ ఒకటే. ఆడదాని కాలం, ఆడదాని ఒళ్ళు ఎప్పుడూ ఎవరికో ఒకరికి ఉపయోగపడుతూ ఉండాలన్న లెక్క అది. ఆమె ఊరికే కూర్చోకూడదు, నేను ఊరికే పరుగెత్తకూడదు. విశాఖపట్నంలో ఒక సెక్యూరిటీ గార్డు కూతురు జ్యోతి యర్రాజీ 2023లో ఆసియా అథ్లెటిక్స్ 100 మీటర్ల హర్డిల్స్‌లో స్వర్ణం గెలిచింది. వరంగల్లు దగ్గరి కల్లెడ నుంచి వెళ్ళిన దీప్తి జీవాంజి 2024 పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. వాళ్ళకి ఫ్లెక్సీలు కట్టాం, మంచిదే. పతకం తేని ఆడపిల్లల పరుగు మాటేమిటి?

ఈ అడ్డు మన ఊళ్ళకే పరిమితమూ కాదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరుగెత్తి అలిసిపోయిన స్త్రీలని చూపించి, ఆ పోటీని 1960 దాకా మళ్ళీ పెట్టనివ్వలేదు. స్త్రీల మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. పరుగెత్తాక అలిసిపోవడం మగవాడికైతే వీరత్వం, మనకైతే అనర్హత.

నేనడుగుతున్నది పెద్దదేమీ కాదు. ముక్కాం రోడ్డుకి దీపాలు వెయ్యండి. పోయిన కాలిబాటలకి బదులు బాటలు ఇవ్వండి. వెకిలి మాటలన్నవాణ్ణి మందలించండి, విన్న పిల్లని కాదు. ఇక పరుగుల బృందంవారికి ఉత్తరం రాశాను. మీ గమనికని ఇలా మార్చండి అన్నాను: "ఈ దారుల్లో స్త్రీలు ఒంటరిగా పరుగెత్తుతూ ఉంటారు. మగవాళ్ళు వాళ్ళ దారికి అడ్డు రావద్దు, వెంట రావద్దు, ఎందుకని అడగవద్దు." ఇంకా జవాబు రాలేదు.

పోయిన ఆదివారం మళ్ళీ ఆ పిల్ల ఇంటికి వెళ్ళాను. వాళ్ళమ్మ మళ్ళీ ఎందుకని అడిగింది. ఈసారి నేను తడబడలేదు.