మా ఆయన పెట్టిన కొత్త పేరు

నా పేరులో రెండు ‘ల’లున్నాయి. నాలుక కొస పైపళ్ల వెనక తగిలితేనే ‘ల’ పలుకుతుంది. మా ఆయనకి ఇప్పుడు నాలుక సగమే. అందుకే ఆయన నన్ను పేరుతో పిలిచి ఐదు నెలలైంది.

మొదట నాలుక పక్కన చిన్న పుండు. పన్ను గీరుకుందేమో అనుకుని, మందుల షాపులో ఇచ్చిన జెల్ రాస్తూ రెండు నెలలు గడిపేశాం. బయాప్సీ రిపోర్టు చూశాక ఆయన అన్నది ఒకటే: “నేను గుట్కా ముట్టను కదా, వక్కపొడేగా!” పొగాకు కలపకపోయినా వక్క ఒక్కటే క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే చెప్పింది. మాకే తెలీలేదు.

ఆపరేషన్‌లో సగం నాలుక తీసేసి, ఎడమ ముంజేతి నుంచి చర్మం తెచ్చి అక్కడ కుట్టారు. మెడలో గ్రంథులూ తీశారు. గొంతుకో గొట్టం, ముక్కుకో గొట్టం. రాగిజావ, పప్పుకట్టు వడగట్టి సిరంజితో పోయడం నా డ్యూటీ. తర్వాత కంచన్‌బాగ్ నుంచి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి రేడియేషన్ కోసం 30 సార్లు ఆటోలో తిరిగాం.

ఇంటికెవరొచ్చినా ఆయన బదులు నేనే మాట్లాడేదాన్ని. సాయం చేస్తున్నాననుకున్నా. ఒకరోజు ఫోన్‌లో టైప్ చేసి చూపించారు: “పోయింది సగమే. మిగతా సగం నువ్వు తీసుకోకు.”

ఆ రాత్రంతా ఏడుపే. మర్నాడు స్పీచ్ థెరపీ మేడమ్ కూడా అదే మాట చెప్పారు: “ఆయన మాట మీరు అందుకోకండి. ఆగండి.” ‘ప, ఫ, బ, భ, మ’తో మొదలుపెట్టించారు. అవి పెదాలతో పలికేవి, నాలుకతో పెద్దగా పనిలేదు. ‘ట, డ, ణ’లకి నాలుక మడవాలి, అవి తర్వాత.

మొన్న హోటల్లో ఆయనే “దో చాయ్” అన్నారు. కుర్రాడికి అర్థం కాలేదు. నోటిదాకా వచ్చిన మాట మింగేశా. మూడోసారికి “దోనా సాబ్?” అని నవ్వుతూ వెళ్లాడు. చాయ్ చల్లారేదాకా కూర్చున్నాం. అప్పుడు నావైపు తిరిగి, “భామా” అన్నారు. రెండూ పెదాల అక్షరాలే! పన్నెండేళ్ల కాపురంలో ఆ పిలుపు ఇదే మొదటిసారి.

నోట్లో పుండు మూడు వారాలైనా మానలేదా? మాలాగా జెల్‌తో సరిపెట్టకండి. డెంటిస్ట్‌కో, ఈఎన్‌టీ డాక్టర్‌కో చూపించండి. పొగాకు మానాలంటే ఉచిత నంబర్ ఉంది: 1800-11-2356.