ఏడవనీ, మరిచిపోతాడులే!

బుధవారం, శనివారం మన ఊళ్లలో టీకాల రోజులు. ఆ రోజు అంగన్‌వాడీ కేంద్రం గుమ్మంలో కాసేపు నిలబడితే చాలు, పసిపిల్లల ఏడుపు మీద మనకున్న నమ్మకాలన్నీ వరసగా వినపడతాయి. "ఏడవనీ అమ్మా, ఏడిస్తే ఊపిరితిత్తులకు మంచిదే." "ఇంటికెళ్లేసరికి వాడికేం గుర్తుంటుంది?" "నువ్వే ఇలా బెంబేలెత్తిపోతే వాణ్ణెవరు పట్టుకుంటారు?" ఈ మాటలు అనేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. వాళ్లకూ అలాగే వేశారు, వాళ్ల పిల్లలకూ అలాగే వేయించారు. అయినా ఈ మూడూ తప్పే. జాలిలేని మాటలని కాదు నా అభ్యంతరం. వైద్యం లెక్కలోనే అవి తప్పు.

టీకాల మీద అనుమానం ఉన్నవాళ్లు ఈ వ్యాసాన్ని తమ ఖాతాలో వేసుకోనక్కర్లేదు. కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం, తట్టు ఇళ్లు ఖాళీ చేసిన రోజులు మన అమ్మమ్మలకు బాగా తెలుసు. 1985లో సార్వత్రిక టీకా కార్యక్రమం మొదలయ్యాక ఈ దేశంలో పిల్లలకు జరిగిన మేలు అంతా ఇంతా కాదు. పిల్లలందరికీ టీకాలు పడాల్సిందే. పడుతున్నాయి కాబట్టే, ఎలా పడుతున్నాయో అడగాలి.

సర్కారు పట్టిక ప్రకారమే లెక్క చూడండి. పుట్టగానే రెండు సూదులు. నెలన్నరకు నోట్లో చుక్కలు వేసి, ఎడమ తొడకు పెంటావాలెంట్, కుడి తొడకు న్యుమోనియా టీకా, కుడి జబ్బకు పోలియో సూది. రెండున్నర నెలలకు ఒకటి. మూడున్నర నెలలకు మళ్లీ మూడు. తొమ్మిదో నెల నిండాక ఇంకో మూడు. మెదడువాపు టీకా ఇచ్చే జిల్లాల్లో మరొకటి. ఏడాది నిండకుండానే కనీసం పన్నెండు సూదులన్న మాట. పెద్దవాళ్లం మనం ఒక్క రక్తపరీక్షకే ముఖం పక్కకు తిప్పుకుంటాం.

"మరిచిపోతాడు" అన్న మాటకు పెద్ద చరిత్రే ఉంది. 1980ల దాకా పేరున్న ఆస్పత్రుల్లో సైతం నెలలు నిండని పసికందులకు అరకొర మత్తుతోనే ఆపరేషన్లు చేసేవారు. ఆ వయసులో నొప్పి తెలియదని, తెలిసినా గుర్తుండదని, పూర్తి మత్తు ఇస్తే తట్టుకోలేరని నమ్మకం. దాన్ని కదిలించినవాడు ఇండోర్‌లో డాక్టరీ చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్. గుండె దగ్గరి రక్తనాళానికి ఆపరేషన్ అవసరమైన నెలతక్కువ పిల్లల్లో కొందరికి ఫెంటానిల్ కూడా ఇచ్చి, మిగతావాళ్లతో పోల్చి, 1987లో లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రచురించాడు. నొప్పి మందు అందిన పిల్లల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు తక్కువగా పెరిగాయి, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తగ్గాయి. నోరు లేని బిడ్డ సంగతి ఒళ్లు చెప్పింది.

పదేళ్ల తర్వాత, 1997లో, టొరంటోలో అన్నా టాడియో బృందం చూపించింది మరీ సూటిగా మన విషయమే. పుట్టిన కొత్తల్లో తిమ్మిరి మందేమీ లేకుండా సున్తీ జరిగిన మగపిల్లలు నాలుగో నెలలోనో ఆరో నెలలోనో టీకాకు వచ్చినప్పుడు, సున్తీ జరగనివాళ్ల కన్నా ఎక్కువసేపు ఏడ్చారు, ఎక్కువ బాధపడ్డారు. నెలల పిల్లవాడు కథ గుర్తుపెట్టుకోడు, నిజమే. తర్వాతి సూదికి వాడి ఒళ్లు ఎలా స్పందిస్తుందో మాత్రం మొన్నటి నొప్పి కొంత నిర్ణయిస్తుంది. "ఏం గుర్తుంటుంది?" అనే పెద్దమనిషికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

ఇక చేయాల్సిందేమిటో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. ఖర్చుతో పనిలేని సంగతులవి. బిడ్డను బల్ల మీద వెల్లకిలా పడేసి, ఆశా కాళ్లూ నాయనమ్మ చేతులూ అదిమిపట్టడం మానాలి. తల్లి కూర్చుని ఒళ్లో పడుకోబెట్టుకోవాలి. బిడ్డ ఒక చెయ్యి తల్లి చంక కింద నుంచి వీపు వైపు పోతుంది, రెండో చేతిని తల్లే మెత్తగా పట్టుకుంటుంది, తొడలు మాత్రం బయటికి ఉంటాయి. సూదికి ముందే రొమ్ము నోటికందించి, చప్పరించడం కుదురుకున్నాక సూది వేయాలి. పాలు తాగుతుండగా గుచ్చితే పొలమారుతుందని చాలామంది భయపెడతారు. పరిశోధనల్లో అలాంటి ప్రమాదం కనపడలేదు. తల్లిపాలు తాగని పిల్లలకైతే రోటావైరస్ టీకా ఉన్న రోజు దాన్ని ముందుగా వేయమన్నారు, ఆ తీపి కాస్త ఆసరా అవుతుందని. ఎక్కువ మండే టీకాను ఆఖరికి ఉంచాలి. సూది దిగాక రక్తం వస్తుందేమోనని పిస్టన్ వెనక్కి లాగి చూడక్కర్లేదు, అది నొప్పిని పెంచడమే. ముందుజాగ్రత్తగా పారాసెటమాల్ పట్టించవద్దు, సూది చోటు రుద్దవద్దు అని కూడా చెప్పారు. మనవాళ్లు చేసేవి సరిగ్గా ఈ రెండే.

నొప్పిని లెక్కచేయాలని ఒప్పుకున్న మధ్యతరగతికి బజారు వేరే దారి చూపించింది: పెయిన్‌లెస్ టీకా. ప్రైవేటు క్లినిక్కులో వేలకు వేలు పోసి వేయించుకుంటారు. దాని తర్వాత జ్వరం, వాపు తక్కువగా ఉంటాయి, కాదనను. కానీ సూది సూదే. ఆ డబ్బు కట్టిన తల్లిని కూడా "బల్ల మీద పడుకోబెట్టండి మేడమ్" అనే అంటారు. బిల్లులో నొప్పి తగ్గింది, బల్ల మీద తగ్గలేదు. సర్కారీ టీకాకు వచ్చిన కూలితల్లి చనుబాలతో ఇవ్వగలిగిన ఉపశమనం అక్కడ అంత ఖర్చుకూ దొరకదు.

కాస్త పెద్ద పిల్లల దగ్గర మనం చేసేది ఇంకా ఘోరం. ఏడాది పొడుగునా "అన్నం తినకపోతే సూది వేయిస్తా" అని బెదిరిస్తాం. తీరా ఐదేళ్ల బూస్టరు నాడు "చీమ కుట్టినట్టుంటుంది, అంతే" అంటాం. ఐదేళ్ల పిల్ల వెర్రిది కాదు. చీమంటే ఏమిటో, సూదంటే ఏమిటో దానికి తెలుసు. ఆ తర్వాత "మా బుజ్జిని ఏడిపించావా, ఉండు" అని నర్సు చేతి మీద ఉత్తుత్తి దెబ్బ వేయిస్తాం. మగపిల్లాడైతే "సిగ్గులేదూ, మగాడివై ఏడుస్తావా" అన్న సన్మానం అదనం. పదేళ్లకు బడిలో టీడీ టీకా అనగానే పిల్లలు గోడ దూకి పారిపోయారని నవ్వుకుంటాం గానీ, ఆ పరుగు ఎవరు నేర్పారో ఆలోచించం. ఆ వయసు పిల్లలతో చెప్పాల్సింది ఒక్కటే: కాస్త నొప్పి పుడుతుంది, తొందరగా తగ్గుతుంది, నేను పక్కనే ఉంటాను. చెప్పి, ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని, చేతికి ఒక బుడగల సీసా ఇచ్చి ఊదమనాలి. పక్క నుంచి "అయ్యో అయ్యో" అని వాయించే బంధువులను వరండాలో ఉంచితే ఇంకా మంచిది.

అసలు అభ్యంతరం ఇంకోటి ఉంది, దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ఒక్క ఏఎన్‌ఎం, ముందు వరసలో పిల్లలు, నింపాల్సిన రిజిస్టరు, ఫోన్‌లో ఎక్కించాల్సిన వివరాలు, కరిగిపోతున్న ఐసుప్యాకులు. మధ్యాహ్నానికి తేలాలి. ఇందులో లాలనకు తీరికేది అంటారు. ఆమె కష్టం నిజం. కానీ పై జాబితాలో ఆమె సమయం తినేది ఏముంది? పిస్టన్ లాగి చూడడం మానితే పని తొందరగా అవుతుంది. వరసలో తర్వాతి తల్లి, ముందువాడికి కార్డు రాస్తుండగానే పాలు పట్టడం మొదలుపెట్టొచ్చు. ముగ్గురు అదిమినా గింజుకునే బిడ్డకు సూది వేయడానికి పట్టే సమయం కన్నా, రొమ్ము పట్టిన బిడ్డకు పట్టే సమయం ఎక్కువ ఉండదు. టీకా అయ్యాక అరగంట ఆగమని ఎలాగూ చెబుతున్నారు. ఆ ఆగడానికి చోటు చూపినవాళ్లు, ముందు పాలు పట్టడానికీ చూపగలరు.

తల్లులకు సిగ్గు కదా అంటారు కొందరు. నలుగురు మగవాళ్లు తిరిగే పంచాయతీ వరండాలో ఎవరైనా సిగ్గుపడతారు. అందుకు బాధ్యత తల్లిది కాదు, ఆ చోటు ఎంచినవాళ్లది. ప్రతి టీకా కేంద్రంలో వీపు ఆనే రెండు కుర్చీలు, గోడ మూలకు అడ్డంగా ఒక పాత చీర, ఏఎన్‌ఎం శిక్షణలో బిడ్డను పట్టుకునే పద్ధతి మీద ఒక పూట. జిల్లా వైద్యాధికారి మంజూరుకు కాగితం పెట్టనక్కర్లేదు, మొదటి రెండూ సర్పంచి ఇంటి నుంచే వస్తాయి.